బెల్టు డ్రైవ్: సిల్తారా ఉక్కు మిల్లుల్లో

ఒక ఇరుసు మీది పుల్లీ నుంచి కొంత దూరంలో ఉన్న మరో ఇరుసు మీది పుల్లీకి, రెంటినీ చుట్టి తిరిగే బెల్టు ద్వారా శక్తిని చేరవేసే ఏర్పాటును బెల్టు డ్రైవ్ అంటారు. పళ్ల బెల్టును మినహాయిస్తే మిగతా రకాలన్నీ రాపిడి మీదే బతుకుతాయి, అందుకే ఎంతో కొంత జారతాయి. యంత్ర నిర్మాణ పుస్తకాలు ఈ జారుడును సాధారణంగా లోపాల కింద రాస్తాయి. రాయ్‌పూర్‌కు ఉత్తరాన బిలాస్‌పూర్ రోడ్డు మీదున్న సిల్తారా పారిశ్రామిక వాడ లాంటి చోట ఆ మాట సగమే నిజం.

సిల్తారా ఇనుముతో బతికే వాడ. గోదావరి పవర్ అండ్ ఇస్పాత్, సార్దా ఎనర్జీ అండ్ మినరల్స్ కర్మాగారాలు ఇక్కడే ఉన్నాయి. స్పాంజ్ ఐరన్, ఫెర్రో అల్లాయ్స్, బిల్లెట్లు, కడ్డీలు ప్రధాన సరుకు. వీటిలో స్పాంజ్ ఐరన్‌కు దేశంలో మొదటి కర్మాగారంగా చెప్పేది తెలుగు నేల మీదిదే. పాల్వంచలోని స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ 1980లో, ఏడాదికి 30,000 టన్నుల సామర్థ్యంతో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2010లో అది ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది.

స్పాంజ్ ఐరన్ తయారయ్యే పొడవాటి కిల్న్‌ను మాత్రం బెల్టుతో తిప్పరు. చుట్టూ బిగించిన పెద్ద గేరు చక్రాన్ని పినియన్ తిప్పుతుంది. బెల్టు మోసే శక్తి అంటే దాని లాగుడు బలాన్ని వేగంతో గుణించినది. నిమిషానికి ఒక చుట్టు కూడా తిరగని కిల్న్ దగ్గర వేగం దాదాపు లేనట్టే. ఆ కొరతను లాగుడుతో పూడ్చాలంటే ఏ బెల్టూ నిలవదు. అందుకే బెల్టు చోటు ఎప్పుడూ మోటారు పక్కన, వేగం ఎక్కువున్న చివరే. జా క్రషర్లు, జల్లెడలు, బ్లోయర్లు, కంప్రెసర్లు దాని సొంత ఇలాకా.

బెల్టు విలువ తెలిసేది రీ-రోలింగ్ మిల్లులో. చిన్న, మధ్యతరహా మిల్లుల్లో మోటారు నుంచి బెల్టుల మీదుగా భారీ ఫ్లైవీల్‌కు, అక్కడి నుంచి గేరుబాక్సుకు, తర్వాత రోలింగ్ స్టాండ్లకు శక్తి వెళ్లే అమరిక తరచుగా కనిపిస్తుంది. ఎర్రగా కాలిన బిల్లెట్‌ను రోలర్లు పట్టుకున్న క్షణాన లోడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఫ్లైవీల్ కొంచెం నెమ్మదించి, తనలో దాచుకున్న శక్తిని వదులుతుంది. ఆ కుదుపులో కొంత బెల్టులు సాగి మింగేస్తాయి. కడ్డీ ఇరుక్కుని రోలర్లు బిగుసుకుపోతే బెల్టులు జారతాయి, రబ్బరు కాలిన వాసన వస్తుంది, పొగ కూడా రావచ్చు. కానీ మోటారు ఇరుసు దక్కుతుంది. బెల్టుల ఖరీదుకు, మోటారు మరమ్మతుకూ ఉత్పత్తి ఆగిన రోజులకూ అయ్యే ఖర్చుకు పోలికే లేదు.

జారుడు హద్దును చెప్పే సూత్రానికి ఆయిలర్, ఐటెల్వైన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మూలం 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్‌దే అనుకోవడం సబబు. ఐటెల్వైన్ దాన్ని ఇంజనీర్ల వాడుకకు చేర్చాడు. బిగుతు పక్క లాగుడుకూ వదులు పక్క లాగుడుకూ ఉండగల గరిష్ఠ నిష్పత్తి, రాపిడి గుణకమూ బెల్టు పుల్లీని చుట్టిన కోణమూ పెరిగేకొద్దీ ఘాతాంక రీతిలో పెరుగుతుందని ఆ సూత్రం సారాంశం. రాపిడి గుణకం 0.3, చుట్టుకోణం 180 డిగ్రీలు అయితే చదును బెల్టుకు ఆ నిష్పత్తి సుమారు 2.6. అదే రబ్బరు వి-బెల్టుగా 38 డిగ్రీల గాడిలో కూర్చుంటే 18 దాకా పోతుంది. గాడి గోడల మధ్య చీలలా బిగుసుకోవడమే ఈ తేడాకు కారణం.

ఒక లెక్క చూద్దాం. నిమిషానికి 960 చుట్లు తిరిగే మోటారుకు 250 మి.మీ. పుల్లీ, అవతల 1,000 మి.మీ. పుల్లీ ఉంటే అవతలి ఇరుసు వేగం 240 చుట్లు. జారుడు వల్ల నిజానికి కొద్దిగా తగ్గుతుంది. ఇరుసుల మధ్య దూరం 1,500 మి.మీ. అయితే చిన్న పుల్లీ మీద చుట్టుకోణం 151 డిగ్రీలకు పడిపోతుంది, వి-బెల్టు లాగుడు నిష్పత్తి 18 కాస్తా 11కు దిగుతుంది. చోటు ఆదా చేయాలని ఇరుసులను ఇంకా దగ్గరకు జరిపితే ముందుగా నష్టపోయేది ఈ కోణమే.

బెల్టు పుట్టుక మీద ఏకాభిప్రాయం లేదు. క్రీ.పూ. 15 ప్రాంతంలో యాంగ్ షియోంగ్ కూర్చిన చైనా మాండలిక నిఘంటువులో దారం చుట్టే యంత్రం ప్రస్తావనను కొందరు తొలి ఆధారంగా చూపుతారు. చక్రానికీ కదురుకూ తాడు చుట్టి తిప్పే రాట్నం కూడా బెల్టు డ్రైవే. అది ప్రాచీన భారతంలోనే ఉండేదన్న వాదనకు బలమైన ఆధారం కనిపించదు. 1350 నాటి ఇసామీ కావ్యం ఫుతూహ్-ఉస్-సలాతీన్‌లో దాని ప్రస్తావన ఉంది. రాట్నం బయటి నుంచి వచ్చిందన్న చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ వాదన ఈ సాక్ష్యానికి సరిగ్గా నప్పుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు నూలు ఇప్పటికీ ఒంటి కదురు రాట్నం మీదే వడుకుతారు. వి-బెల్టు ఘనతను 1917 నాటి జాన్ గేట్స్‌కు ఇస్తారు. పక్కపక్కనే అనేక వి-బెల్టులు నడిపే ఏర్పాటు మాత్రం ఆలిస్-చామర్స్ కంపెనీకి చెందిన వాల్టర్ గైస్ట్‌ది. 1925లో దరఖాస్తు చేస్తే 1928లో పేటెంటు వచ్చింది. ఉక్కు మిల్లులకు అసలు మేలు చేసింది ఈ రెండోదే.

మన దేశంలో వి-బెల్టులకు ఐఎస్ 2494 ప్రమాణం ఉంది. బి రకం వెడల్పు 17 మి.మీ., సి రకం 22, డి రకం 32. బెల్టు గాడి పక్క గోడల మీద నడవాలి, అడుగును తాకకూడదు. గాడి అడుగు తళతళ మెరుస్తుంటే పుల్లీ అరిగిపోయిందని అర్థం. అప్పుడు ఎంత మంచి బెల్టు వేసినా జారుతుంది. ఆరు బెల్టుల్లో ఒకటి తెగితే ఆ ఒక్కటే కొత్తది వేయడం మరో పొరపాటు. పాతవి సాగి ఉంటాయి కాబట్టి బరువంతా కొత్తదాని మీద పడి అదీ త్వరగా పోతుంది. మొత్తం సెట్టును మార్చాల్సిందే.

బిగింపు చూడటానికి బెల్టు నడిమిలో, కేటలాగు చెప్పిన బలంతో నొక్కుతారు. పుల్లీల మధ్య పొడవు మీటరుకు 16 మి.మీ. చొప్పున కుంగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. కొత్త బెల్టును కొన్ని గంటలు నడిపాక మళ్లీ బిగించాలి. వదులైతే జారి, కాలి, గాజులా నునుపెక్కుతుంది. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. కొలిమి వేడికి రాయ్‌పూర్ ఎండాకాలం తోడైతే రబ్బరు ఇంకా త్వరగా గట్టిపడుతుంది. ఇనుప ధూళి గాడిని ఆకురాయిలా అరగదీస్తుంది. బొగ్గు ధూళి ఉన్నచోట నిప్పురవ్వ భయం ఉంది కాబట్టి స్థిర విద్యుత్తును నిలవనివ్వని బెల్టులే వాడాలి. జారే బెల్టు మీద రోజనం చల్లడం పాత అలవాటు. అది కాసేపు పట్టునిచ్చి, ధూళిని అంటించుకుని, రబ్బరును పాడుచేస్తుంది.

బెల్టు పుల్లీని కలిసే సందు చేతుల్ని లాగేసుకుంటుంది. గార్డు లేని డ్రైవ్‌ను నడపడం క్షమించరాని విషయం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ తిరుగుతున్న పుల్లీ దగ్గర బెల్టును ముట్టుకునే పనిని గట్టిగా కట్టడి చేసింది. శిక్షణ పొంది, ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు తొడుక్కున్న కార్మికుడికే ఆ చట్టం అనుమతి ఇచ్చింది. అదీ బెల్టు వెడల్పు 15 సెంటీమీటర్లు దాటనప్పుడు, అతుకు కుట్టి గానీ బెల్టుతో సమంగా గానీ ఉన్నప్పుడు మాత్రమే.