గుండెను కాచు లోపొర

శ్రోతలారా! “నిన్న సాయంకాలము వరకు నిక్షేపముగా నుండెను, తెల్లవారునప్పటికి గుండె ఆగినది” అను మాటను మన పల్లెలలో తఱచుగా వినుచుందుము. నిక్షేపముగా నున్న మనుష్యునకు హఠాత్తుగా నేమి మూడినది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు వైద్యులకు రెండు వందల యేండ్లు పట్టినది. ఆ చరిత్రమునే నేడు మీకు విన్నవింపదలచితిని.

1768లో లండను వైద్యుడు విలియం హెబర్డెను ఒక వింత నొప్పిని వర్ణించెను. అది నడచునపుడు ఱొమ్మును బిగబట్టును, నిలిచినంతనే తగ్గును. కారణ మాయనకు తెలియలేదు. తరువాతి కాలమున మశూచికి టీకా వేయుట నేర్పిన ఎడ్వర్డు జెన్నరు, అట్టి నొప్పితో మరణించిన యొకని గుండెను కోయుచుండగా కత్తికి గరగరమని యేదో తగిలెను. పైకప్పునుండి సున్నపు పెళ్ల రాలినదేమో యని తలయెత్తి చూచెను. కాదు, గుండెకు రక్తము నందించు ధమనులే యెముకవలె గట్టిపడి యుండెను. ఆ దినములలోనే ఆయన గురువగు జాన్ హంటరునకు అదే నొప్పి కనబడసాగెను. గురువు మనసు కలతపడునని జెన్నరు నోరు విప్పలేదు. 1793లో ఆసుపత్రి సభలో వాగ్వాదము నడుమ హంటరు మరణించెను. కోసి చూడగా ఆయన ధమనులును అట్లే యుండెను. 1799లో మిత్రుడు ప్యారీ వ్రాసిన గ్రంథమున జెన్నరు కనుగొన్న సంగతి లోకమునకు వెల్లడి యయ్యెను.

అది మొదలు, ధమని యొక గొట్టమనియు, మడ్డి పేరుకొని పూడుననియు చాలమంది తలచిరి. 1980లో అమెరికాలో ఫర్చ్‌గాట్ అను శాస్త్రజ్ఞుడు కుందేటి ధమని ముక్కలను పరీక్షించెను. లోపొర చెడకున్నచో, ఒక మందు తగిలినంతనే ముక్క సడలెను; లోపొర గీచుకొని పోయినచో అదే మందునకు ముడుచుకొనెను. కావున ఆ పలుచని పొర ఉత్త పూత కాదు. నాళమును సడలించుచు, రక్తము గడ్డకట్టకుండ కాచు సజీవమైన కావలి. ఈ పరిశోధనకు 1998లో ఆయనకును, మఱి యిద్దరికిని నోబెలు బహుమానము లభించెను.

పొగాకు, రక్తపు పోటు, మధుమేహము, రక్తములోని చెడు క్రొవ్వు ఆ కావలిని దెబ్బతీయును. అపుడు క్రొవ్వు గోడలోనికి చొచ్చి, పలుచని తోలు క్రింది సెగగడ్డవలె నుండును. దారి సగమైనను మూయకపోవచ్చును, నొప్పియు తెలియకపోవచ్చును. ఒకనాడు ఆ తోలు చిరుగును. చిరిగిన చోట రక్తము గడ్డకట్టి దారి మూయును. నిక్షేపముగా నున్నవాడు కూలుటకు తఱచు కారణ మిదియే.

పెద్దలారా! జెన్నరు మౌనము ప్రేమవలన కలిగినది. ఆనాడు చికిత్సయు లేదు. నేడు కలదు. కావున చుట్ట మానుడు. రక్తపు పోటును, చక్కెరను పరీక్ష చేయించుకొనుడు. ఱొమ్ము బిగబట్టి చెమట పట్టినచో, అజీర్ణమని వాము నమలుచు తెల్లవారువరకు వేచియుండక, తత్‌క్షణమే ఆసుపత్రికి పొండు. ఇంటివారికి చెప్పుటకు మొగమాటపడకుడు.