స్వల్పకాలిక జ్ఞాపకం, వర్కింగ్ మెమరీ: పరిశోధనల చరిత్ర

చూసిన, విన్న సమాచారాన్ని మనసు కొన్ని సెకన్లపాటు అందుబాటులో ఉంచుకోవడమే స్వల్పకాలిక జ్ఞాపకం. అలా ఉంచుకుంటూనే దానితో పని కూడా జరిపించే వ్యవస్థకు వర్కింగ్ మెమరీ అని పేరు. కాగితం లేకుండా 47ను 6తో హెచ్చవేసి చూడండి. ఏడు ఆర్లు నలభై రెండు; రెండు వేసి, నాలుగు మనసులో పెట్టుకోవాలి. నాలుగు ఆర్లు ఇరవై నాలుగుకు ఆ నాలుగు కలపాలి. అప్పటిదాకా మొదటి రెండు చెదిరిపోకూడదు. ఈ తతంగమంతా వర్కింగ్ మెమరీలోనే నడుస్తుంది.

ఎన్ని పడతాయి?

పరిశోధనలు లెక్కతో మొదలయ్యాయి. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల జాబితాలను తానే బట్టీపట్టి, ఫలితాలను 1885లో ప్రచురించాడు. 1887లో బ్రిటన్‌లో జేకబ్స్ బడిపిల్లలకు అంకెలు చదివి వినిపించి, ఎన్నింటిని వరస తప్పకుండా అప్పజెప్పగలరో కొలిచాడు. ఈ పరీక్ష నేటికీ వాడుకలో ఉంది. 1890లో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ ఈ క్షణాన మనసులో మెదిలే ‘ప్రాథమిక’ జ్ఞాపకాన్నీ, గతం నుంచి వెతికి తెచ్చుకునే ‘ద్వితీయ’ జ్ఞాపకాన్నీ వేరుచేశాడు.

1956లో జార్జ్ మిల్లర్ ఈ సామర్థ్యానికి ‘ఏడు, అటూఇటూ రెండు’ అనే సంఖ్యను ప్రచారంలోకి తెచ్చాడు. అయితే లెక్కించాల్సింది అంకెలను కాదు, గుత్తులను అన్నదే ఆయన అసలు మాట. 185719471950 అని ఏకబిగిన చదివితే పన్నెండు అంకెలు. 1857, 1947, 1950 అని పట్టుకుంటే మూడే సంవత్సరాలు.

ఎంతసేపు నిలుస్తాయన్నది తర్వాతి ప్రశ్న. 1959లో అమెరికాలో లాయిడ్, మార్గరెట్ పీటర్సన్ దంపతులు మూడు హల్లులు వినిపించి, వెంటనే ఒక సంఖ్య నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. లోలోపల వల్లెవేసుకునే వీలు లేకపోవడంతో 18 సెకన్లకల్లా సరైన జవాబులు పదో వంతుకు పడిపోయాయి. కానీ మొదటి ప్రయత్నంలో ఎవరూ పెద్దగా మరచిపోవడం లేదని 1962లో కెపెల్, అండర్‌వుడ్ చూపించారు. అంటే కాలం గడవడం ఒక్కటే కారణం కాదు, ముందు విన్న అక్షరాలు తర్వాతి వాటికి అడ్డం పడుతున్నాయన్నమాట.

ఇద్దరు రోగులు

1953లో మూర్ఛకు చేసిన శస్త్రచికిత్సలో హెన్రీ మొలైసన్ మెదడుకు ఇరువైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తొలగించారు. ఆయన అంకెలు విని మామూలుగానే అప్పజెప్పేవాడు. ధ్యాస మళ్లితే చాలు, అప్పటిదాకా జరిగింది గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ ఆయనను దశాబ్దాల తరబడి పరిశీలించింది. స్వల్పకాలిక, దీర్ఘకాలిక జ్ఞాపకాలు వేరువేరన్న వాదానికి ఆయన ఉదంతం బలమిచ్చింది. స్వల్పకాలిక జ్ఞాపకం గుండానే సమాచారం దీర్ఘకాలిక నిల్వలోకి చేరుతుందని 1968లో అట్కిన్సన్, షిఫ్రిన్ నమూనా చెప్పింది.

రెండేళ్లకే ఆ నమూనాకు చిక్కొచ్చింది. షాలిస్, వారింగ్టన్ పరీక్షించిన కె.ఎఫ్. అనే రోగి ఒకటి రెండు అంకెలకు మించి అప్పజెప్పలేకపోయినా, కొత్త విషయాలను చక్కగా నేర్చుకోగలిగాడు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోతే సమాచారం లోపలికి ఎలా వెళ్లినట్టు?

సరుకుల కొట్టు నుంచి వడ్రంగి బల్లకు

జవాబు 1974లో బ్రిటన్‌కు చెందిన అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్‌ల నుంచి వచ్చింది. అంకెలను గుర్తుపెట్టుకుంటూనే తర్కపు ప్రశ్నలకు జవాబివ్వమంటే జనం నెమ్మదించారే తప్ప చతికిలపడలేదు. అంటే అక్కడున్నది ఒకే నిల్వ కాదు. మాటలను వల్లెవేసే భాగం ఒకటి, దృశ్యాలను పట్టుకునేది ఇంకొకటి, ధ్యాసను నడిపించే కేంద్ర నియంత్రణ మరొకటి అని వారు ప్రతిపాదించారు. వీటిని కలిపే నాలుగో భాగాన్ని బాడ్లీ 2000లో చేర్చాడు.

ఈ వల్లెవేతకు చక్కని రుజువు వేల్స్‌లో దొరికింది. వెల్ష్ భాషలో అంకెలు పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది. రెండు భాషలూ వచ్చినవారు వెల్ష్‌లో కంటే ఇంగ్లీషులోనే ఎక్కువ అంకెలు అప్పజెప్పారని 1980లో ఎల్లిస్, హెనెలీ గుర్తించారు. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే ఈ భాగంలో పడుతుందన్న అంచనాకు ఇది సరిపోయింది. మరోవైపు, దాచిన ఆహారం కోసం కోతి వేచి చూసేంతసేపూ దాని మెదడు ముందుభాగంలోని కొన్ని నాడీకణాలు చురుగ్గా ఉంటాయని 1971లోనే ఫస్టర్, అలెగ్జాండర్ నమోదు చేశారు.

సాధనతో పెరుగుతుందా?

అమెరికాలో ఎస్.ఎఫ్. అనే విద్యార్థి ఏడాదిన్నరకు పైగా సాధన చేసి, ఏడు అంకెల నుంచి 79 అంకెలకు చేరాడు. దూరపు పరుగుల ఆటగాడు కావడంతో అంకెలను పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అక్షరాలిస్తే మాత్రం మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పెరిగింది స్వల్పకాలిక జ్ఞాపకం కాదు. దీర్ఘకాలిక జ్ఞానాన్ని వాడుకునే నేర్పు. ఎనిమిది మంది పృచ్ఛకుల మధ్య, అప్రస్తుత ప్రసంగి అడ్డుతగులుతున్నా, పద్యాలను పాదం పాదంగా అల్లి చివర్లో ధారణ చేసే తెలుగు అవధానులకూ ఛందస్సు మీద పట్టు ఇలాగే ఆసరా అవుతుందని చెప్పుకోవచ్చు.

ఇలాంటి ఊతాలు లేనప్పుడు పట్టేవి నాలుగు గుత్తులేనని 2001లో నెల్సన్ కోవన్ వాదించాడు. జ్ఞాపకశక్తిని పెంచుతామనే కంప్యూటర్ శిక్షణల మీద వచ్చిన అధ్యయనాలను 2013లో మెల్బీ-లెర్వోగ్, హ్యూమ్ కలిపి విశ్లేషించారు. సాధన చేసిన పనుల్లో కొంతకాలం మెరుగుదల కనిపించింది గానీ, చదువుకు, లెక్కలకు, తెలివితేటలకు అది పాకిన దాఖలా దొరకలేదు.