పెద్ద కంపెనీలకు డేటా, ఏఐ సలహాదారు: ఈ ఉద్యోగం ఏమిటి?

బెంగళూరు, చెన్నై, పుణె కంపెనీల్లో చేరిన మన పిల్లలు "డేటా కన్సల్టింగ్‌లో ఉన్నాను" అంటుంటారు. అదేం పని అని పెద్దవాళ్లు మా సంఘంలో తరచు అడుగుతున్నారు. అందుకే ఈ వివరాలు ఇస్తున్నాము.

పదవి ఎలా వచ్చింది

కంపెనీ దగ్గరున్న సమాచారమంతటికీ బాధ్యత వహించే పై అధికారిని చీఫ్ డేటా ఆఫీసర్ అంటారు. ఈ పదవిని తొలిగా ఏర్పాటు చేసినవాటిలో అమెరికాలోని క్యాపిటల్ వన్ ఒకటి. అది 2002 నాటి మాట. 2008 ఆర్థిక సంక్షోభంలో చాలా పెద్ద బ్యాంకులు తమకు ఎవరి నుంచి ఎంత రావాలో, మొత్తం నష్టభయం ఎంతో వెంటనే కూడి చెప్పలేకపోయాయి. ఒక్కో విభాగం లెక్క ఒక్కోచోట ఉండటం అందుకు ఒక పెద్ద కారణం. దాంతో బాసెల్ కమిటీ 2013 జనవరిలో 14 సూత్రాలు ప్రకటించింది. బ్యాంకుల్లో ఈ పదవికి అలా బలం వచ్చింది.

సలహాదారు చేసే పని

ఈ వృత్తిలో పేరున్నవారిలో అమెరికాకు చెందిన ర్యాండీ బీన్ ఒకరు. ఆయన 2001లో న్యూవాంటేజ్ పార్ట్‌నర్స్ అనే సలహా సంస్థను స్థాపించారు. 2012 నుంచి ఆ సంస్థ పెద్ద కంపెనీల అధికారులతో సర్వేలు చేస్తూ వచ్చింది. చీఫ్ డేటా ఆఫీసర్ ఉన్న కంపెనీలు 2012లో 12 శాతమైతే, 2023 నివేదిక నాటికి 80 శాతం దాటాయి. అయినా అసలు అడ్డంకి సాంకేతికత కాదు, మనుషుల అలవాట్లేనని ఎక్కువమంది చెబుతూ వచ్చారు.

అందుకే సలహాదారు ముందుగా కంప్యూటరు జోలికి పోడు. ఈ రికార్డుకు ఎవరు బాధ్యులు? ఒకే ఖాతాదారు ఎన్నిచోట్ల నమోదయ్యాడు? తప్పుంటే దిద్దే అధికారం ఎవరిది? ఏఐ తప్పు నిర్ణయం చేస్తే జవాబు చెప్పేదెవరు? ఇవే అతని ప్రశ్నలు. రిజిస్టర్లు రాసిన గుమాస్తాలకు ఇవి కొత్త కావు.

మనకు ఎందుకు పట్టాలి

మనవారి పేర్లే చూడండి. ఇంట్లో ఇంటిపేరు ముందు. తమిళనాడు బడిలో తండ్రి పేరు పొడి అక్షరం. మహారాష్ట్రలో మధ్యన తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఒకే మనిషి మూడు రికార్డుల్లో ముగ్గురవుతాడు. ఆ రికార్డుల మీదే ఏఐ నడిస్తే అప్పుకో బీమాకో అర్జీ పెట్టినవాడు అకారణంగా ఆగిపోవచ్చు. తన వివరాల్లో తప్పుంటే దిద్దమని అడిగే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో చేర్చారు.

పిల్లలకు దారి

చదువు ముగియగానే ఎవరూ సలహాదారు కాలేరు. బ్యాంకు, బీమా, ఆసుపత్రి వంటి ఒక రంగంలో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ రంగం లెక్కలు, నిబంధనలు తెలుసుకోవాలి. గణాంకశాస్త్రం, డేటాబేసులు రావాలి. పై అధికారికి నచ్చని మాటను మర్యాదగా చెప్పగలగాలి. ఐఐటీ మద్రాసు డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ నడుపుతోంది. దానికి జేఈఈ అక్కర లేదు, వారి అర్హత పరీక్ష నెగ్గితే చాలు.

పిల్లల సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకాల్లో పేరు ఒకే తీరుగా ఉందో లేదో ఈ సెలవుల్లోనే సరిచూసుకోవాలని మా మనవి.