కంచె లేని సీతాకోకచిలుకల తోట

పిల్లలూ, సీతాకోకచిలుకల్ని పెంచే రైతులున్నారని క్లాసులో చెప్పగానే నన్నడిగే ప్రశ్న ఒకటే: "అవి ఎగిరిపోవా టీచర్?" ఎగిరిపోతాయి. పాపువా న్యూగినీ రైతులు వాటిని ఎగరనిస్తారు కూడా.

ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న ఆ దేశపు అడవుల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద సీతాకోకచిలుక ఉంటుంది. ఆడది రెక్కలు చాపితే 25 సెంటీమీటర్లు దాటుతుంది. మీ స్కేలు దాదాపు నిండిపోతుంది. ఎత్తైన చెట్ల కొసల్లో తిరుగుతుంది కాబట్టి వల అందదు. 1906లో ఆల్బర్ట్ మీక్ దాన్ని తుపాకితో కొట్టి దించాడు. ఇంగ్లండులో వాల్టర్ రోత్‌షీల్డ్ అనే సంపన్నుడి కోసం ఆయన అలాంటివి సేకరించేవాడు. మరుసటి ఏడాది రోత్‌షీల్డ్ దానికి అలెగ్జాండ్రా రాణి పేరు పెట్టాడు. రాణి పేరు పెట్టుకున్న ప్రాణి సేకరించేవాళ్లకు మొదట చిక్కింది తుపాకి దెబ్బకు! ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇలాంటి పెద్ద రెక్కల జాతులు ఏడింటిని పట్టకూడదని 1966లో పాపువా న్యూగినీలో చట్టం చేశారు. మరి అడవే పోతే? 1951లో లామింగ్టన్ అగ్నిపర్వతం పేలి ఈ రాణి తిరిగే అడవిలో పెద్ద ముక్కను కాల్చేసింది. తర్వాత ఆయిల్‌పామ్ తోటలు వచ్చాయి. ఈ పెద్ద రెక్కల సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఒకే కుటుంబపు తీగల ఆకులు తింటాయి. మన ఈశ్వరి తీగ, చేలగట్ల మీది గాడిదగడపాకు ఆ కుటుంబానివే. గాడిదగడపాకు కనిపిస్తే ఆకు తిప్పి చూడండి, ఎర్రని బుడిపెలున్న నల్ల గొంగళి దొరకవచ్చు. తాకకండి, చూడండి చాలు. ఆ ఆకులోని విషం ఒంట్లో చేరడం వల్ల పిట్టలు దాని జోలికి రావు.

1978లో పాపువా న్యూగినీలోని బులోలో పట్టణంలో ప్రభుత్వం ఒక సంస్థ పెట్టి, పల్లె రైతుల దగ్గర సీతాకోకచిలుకలు కొనడం మొదలుపెట్టింది. రైతు చేసేదల్లా తీగలు నాటి చెట్ల మీదికి పాకించడం, తేనె కోసం చుట్టూ మందార వేయడం. పక్క అడవిలోంచి ఆడవి వాటంతటవే వచ్చి, కాళ్లతో ఆకు రుచి చూసి, గుడ్లు పెడతాయి. గొంగళిపురుగులు తిని, పెరిగి, ప్యూపాలవుతాయి. కొన్ని ప్యూపాలను రైతు తీసి గూట్లో పెడతాడు, మిగిలినవాటిని తీగకే వదిలేస్తాడు.

గూట్లో బయటికొచ్చినవాటి రెక్కలకు గీత కూడా పడదు, అందుకే సేకరించేవాళ్లు మంచి ధర ఇస్తారు. అవును, వాటిని చంపి, కాగితం పొట్లాల్లో మడిచి పంపుతారు. ఇది విని మీలో కొందరి మొహాలు వాడిపోతాయని తెలుసు. దాచి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఆలోచించండి: పక్కన అడవి లేకపోతే ఆ రైతు తీగ మీద గుడ్డు పెట్టడానికి ఎవరొస్తారు? అడవి నిలవడమే ఆ రైతుకు లాభం. అందుకే ఈ పద్ధతిని నేను సమర్థిస్తాను.

అలెగ్జాండ్రా రాణిని మాత్రం ఏ దేశానికీ అమ్మడానికి వీల్లేదు, అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది. అమ్మకం లేకపోయినా, పాపువా న్యూగినీలోని ఓరో రాష్ట్రంలో దాని కోసం కూడా తీగలు నాటారు.