త్రిత్వమును సృష్టియును



సికిందరాబాదు కంటోన్మెంటులో తిరుమలగిరి దాటి ఉత్తరముగా పోయినచో బొలారము వచ్చును. ఒకప్పుడు హైదరాబాదు కంటింజెంటు అను సైన్యము దిగియుండిన చోటది. అచ్చట చెట్ల నడుమ 1847లో కట్టిన క్రైస్తవ దేవాలయ మొకటి కలదు. దాని కట్టడమునకు విక్టోరియా రాణి తన సొంత ధనము నిచ్చెననియు, నిజాము ప్రభువు స్థలము నొసగెననియు చెప్పుదురు. 1983వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఎలిజబెత్తు రాణియు ఆమె భర్తయు, తమ వివాహమై 36 సంవత్సరములు నిండిన దినమున, ఈ గుడిలోనే ఆరాధనకు వచ్చిరి. ఈ రాజసంబంధములను గూర్చి పలువురు వ్రాసియున్నారు. నేడు నేను చెప్పదలచినది ఆ గుడి పేరును గూర్చి. దానిపేరు హోలీ ట్రినిటీ చర్చి. అనగా పరిశుద్ధ త్రిత్వ దేవాలయము.

కొన్ని సంవత్సరముల క్రిందట మెదకు ప్రాంతపు రైతు పెద్ద యొకరు నాతోకూడ ఆ గుడిని చూడవచ్చిరి. ఆయన హిందువు, రామాయణ భారతములు చదివినవారు. గుడి పేరునకు అర్థము చెప్పగానే ఆయన, "అయ్యా, త్రిత్వమనగా మన త్రిమూర్తులవంటిదేనా? ఆ ముగ్గురిలో సృష్టి చేసినవా రెవరు?" అని యడిగిరి. "తండ్రి" అని చెప్పబోయి నేను ఆగిపోతిని. ఆ యుత్తరము తప్పు కాదు, కాని సగమే. ఆ తక్కిన సగము కొరకు నాలుగు వందల యేండ్లలోపల సభలు కూడినవి, పీఠాధిపతులు దేశబహిష్కృతులైరి. ఆ కథయే నేటి ప్రసంగము.

ముందుగా త్రిమూర్తుల సంగతి. పురాణప్రసిద్ధమైన విభాగము ననుసరించి సృష్టి బ్రహ్మది, స్థితి విష్ణువుది, లయము రుద్రునిది. క్రైస్తవ సిద్ధాంతమున నిట్టి పంపకము లేదు. నిజాము కాలమున మన గ్రామములలో పట్వారీ లెక్కలు వ్రాసెడివాడు, మాలీపటేలు శిస్తు వసూలు చేసెడివాడు, పోలీసుపటేలు నేరములు విచారించెడివాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అను మువ్వురు అట్లు మూడు ఉద్యోగములను పంచుకొన్నవారు కారు. వ్యక్తులు మువ్వురు, స్వభావ మొక్కటి, దేవు డొక్కడు. సృష్టి ఆ మువ్వురి యవిభక్తకార్యము. ముగ్గురు సృష్టికర్తలు లేరు, ఒక్కడే కలడని క్రైస్తవ గురువులు మరల మరల చెప్పుచు వచ్చిరి.

అట్లయిన మూడు పేరు లెందులకు? బైబిలు మొదటి గ్రంథమున దేవుడు చేతి పనిముట్టుతో గాక మాటతో లోకమును సృజించినట్లు చెప్పబడినది. ఆయన ఆత్మ జలములమీద సంచరించుచుండినట్లును చెప్పబడినది. హెబ్రీ భాషలో ఆత్మకును ఊపిరికిని పద మొక్కటే. పిదప క్రొత్త నిబంధనలో యోహాను తన సువార్తను ఆరంభించుచు, ఆ మాట దేవునియొద్ద నుండెననియు, దేవుడే యైయుండెననియు, సమస్తమును ఆ మాట మూలముగ కలిగెననియు వ్రాసెను. మనము పలుకునపుడు పలుకువాడు, పలుకు, పలుకును మోయు ఊపిరి కలసియే యుండును గదా. పూర్వగురువులును ఈ పోలికను వాడిరి. పోలిక పోలికయే, నిరూపణము కాదు. అయినను మూడు పేరులు ఒక్క కార్యమునందు ఎట్లు కూడునో అది కొంత తెలుపును.

ఈ సిద్ధాంతము పండితుల వినోదమునకై పుట్టినది కాదు. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున కొందరు బోధకులు బయలుదేరి, ఈ మట్టి, ఈ దేహము, ఈ ఆకలిదప్పులు గల లోకమును పరమదేవుడు చేసియుండడనియు, ఆయనకంటె తక్కువవాడెవడో అజ్ఞానముచే చేసెననియు చెప్పసాగిరి. ఆ మాట నమ్మినచో నేలను దున్నుట, బిడ్డలను కనుట, రోగికి మందిచ్చుట అన్నియు నీచకార్యము లగును. నేటి ఫ్రాన్సు దేశములోని లియోను పట్టణపు బిషప్పు ఇరేనియసు 180వ సంవత్సర ప్రాంతమున వారికి ప్రత్యుత్తరము వ్రాసెను. దేవునికి పరుల సాయ మక్కరలేదు, కుమారుడును ఆత్మయును ఆయన రెండు చేతులవంటివారు, ఆ చేతులతోనే మట్టిని ముట్టి మనుష్యుని రూపించెను అని ఆయన వాదము. కుమ్మరి తన చేతులను పనివాండ్రని లెక్కింపడు గదా! లోకము తక్కువవాని చేతిపని కాదని చెప్పుటయే త్రిత్వసిద్ధాంతమునకు మొదటి యుపయోగము.

నాలుగవ శతాబ్దమున వివాదము మరియొక మలుపు తిరిగెను. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున అరియసను గురువు, కుమారుడును సృష్టింపబడినవాడే, అయితే అన్నిటికంటె ముందు సృష్టింపబడినవాడు, ఆయనను పనిముట్టుగా గైకొని దేవుడు తక్కిన లోకమును చేసెను అని బోధించెను. అనేకులు దాని నంగీకరించిరి. 325లో కాన్‌స్టంటైను చక్రవర్తి, నేడు తుర్కీ దేశములో నున్న నికైయా పట్టణమున బిషప్పుల సభను కూర్చెను. కుమారుడు సృష్టింపబడినవాడు కాడు, తండ్రితో ఏకతత్త్వము గలవాడు అని సభ తీర్మానించెను. అయినను కలహము చల్లారలేదు. నికైయా పక్షమున నిలిచిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియసు అయిదుమారులు పదవినుండి వెడలగొట్టబడెను; ఆయన ప్రవాసకాలము మొత్తము పదునేడేండ్లు. ఆయన వాదములలో నొకటి సులభముగా తెలియును: దేవుడు లోకమును తానే చేయక మధ్యవర్తిని సృష్టించి చేయించెనన్నచో, చేయుటకు శక్తి లేకయైన నుండవలెను, చేయుటకు సిగ్గుపడియైన నుండవలెను. ఈ రెండును దేవునికి తగవు.

ఇక ప్రత్యయముల సంగతికి వచ్చెదను. చిన్ననాడు బడిలో విభక్తులు వల్లించినవారు దీనిని బాగుగ గ్రహింతురు. అరియసు పక్షమువారిలో కొందరు తార్కికు లిట్లు వాదించిరి: లేఖనములలో తండ్రినిగూర్చి "నుండి" అనియు, కుమారునిగూర్చి "ద్వారా" అనియు, ఆత్మనుగూర్చి "అందు" అనియు చెప్పబడినది, ప్రత్యయములు వేరు గనుక స్వభావములును వేరు, "నుండి" యజమానునికి, "ద్వారా" పనిముట్టునకు, "అందు" చోటునకు చెల్లును. ఇప్పటి తుర్కీలో కైసరీ యనబడు కైసరయ నగరమునకు బసిలు బిషప్పుగా నుండెను. ఆయన ఆరాధనలో కొన్ని మారులు "కుమారుని ద్వారా, ఆత్మయందు" అనియు, కొన్ని మారులు "కుమారునితో, ఆత్మతో కూడ" అనియు దేవుని స్తుతించుట విని కొందరు గొణిగిరి. అందులకు బసిలు 375వ సంవత్సర ప్రాంతమున పరిశుద్ధాత్మనుగూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. లేఖనములలో ఈ ప్రత్యయములు ఒకరికే కట్టుబడియుండక మువ్వురికిని వాడబడినవని ఉదాహరణములతో చూపెను. తండ్రి మూలకారణము, కుమారుడు నిర్మించు కారణము, ఆత్మ పూర్ణత నిచ్చు కారణము అని క్రమము చెప్పి, క్రమము కలదు గాని హెచ్చుతగ్గులు లేవని నిర్ణయించెను. బసిలు 379లో మరణించెను. 381లో కాన్‌స్టాంటినోపిలు సభ ఆత్మను జీవమునిచ్చు ప్రభువుగా కీర్తించెను. తండ్రి సృష్టికర్త, కుమారుని ద్వారా సమస్తము, ఆత్మవలన జీవము: ఈ మూడును ఆ సభ పేర వచ్చిన విశ్వాసప్రమాణములో నేటికిని కలవు.

పదునాలుగు వందల యేండ్ల పిదప ఆ ప్రత్యయపు కలహమే మన దేశమున తిరిగి లేచెను. రాజా రామమోహనరాయలు 1820లో యేసు నీతిబోధలను గ్రంథముగా ప్రకటించి, ఏకేశ్వరుని ఆరాధన చాలును, త్రిత్వము తర్కమునకు నిలువదని శ్రీరామపురపు మిషనరీలతో వాదించుచుండెను. ఆ దినములలోనే బాప్టిస్టు మిషనరీలైన విలియం యేట్సు, విలియం ఆడము అనువారు రామమోహనునితో కలసి కలకత్తాలో సువార్తలను వంగభాషలోనికి మార్చుచుండిరి. యోహాను సువార్త మొదటి అధ్యాయము మూడవ వచనమున కలము నిలిచిపోయెను. అచ్చటి గ్రీకు పదమునకు "చేత" అని వ్రాయవలెనా, "ద్వారా" అని వ్రాయవలెనా? "ద్వారా" యే సరియని ఆడమును రామమోహనుడును పట్టుబట్టిరి. అందు అరియసు మతపు వాసన కలదని శంకించి యేట్సు తొలగిపోయెను. 1821లో ఆడము త్రిత్వవిశ్వాసమును విడిచి ఏకేశ్వరవాదులలో చేరెను. ఆదాము రెండవమారు పతితుడయ్యెనని లోకులు నవ్విరి. ఆయన పిమ్మట 1835 మొదలు 1838 వరకు వంగదేశపు పల్లెబడులను పరిశోధించి, దేశభాషల చదువును సమర్థించుచు ప్రసిద్ధమైన నివేదికలు వ్రాసెను. మతము మార్చుకొన్నను పని మానని మనిషి.

ఈ కలహమును చదివినపు డెల్ల నాకు బసిలు జ్ఞప్తికి వచ్చును. "ద్వారా" అన్న మాత్రమున కుమారుడు తగ్గడని ఆయన ముందే చెప్పియుండెను. కావున ఆ ప్రత్యయమును చూచి యేట్సు భయపడ నక్కరలేదు. ఆ యొక్క ప్రత్యయమునే ఆధారముగా గొని త్రిత్వమును విడుచుటయు తొందరపాటే. రామమోహనుని ఆక్షేపణము దీనికంటె విశాలమైనది. అది వేరు సంగతి.

మన తెలుగున నేమి జరిగెను? బెంజమిను షుల్జె అను జర్మను బోధకుడు 18వ శతాబ్దపు తొలి భాగముననే బైబిలును తెలుగు చేసెను గాని అది అచ్చు పడలేదు. విశాఖపట్టణమున డెగ్రాంజెస్ అను మిషనరీ, ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. 1818లో క్రొత్త నిబంధన వెలువడెను. తరువాత పలు సవరణలు జరిగినవి. నేడు సంఘములలో చదువబడు తెలుగు బైబిలున ఆ వచనమున "చేత" యు లేదు, "ద్వారా" యు లేదు. "మూలముగా" అని యున్నది. ఈ మాటను తూచి చూడుడు. "నీ మూలముగా ఈ పని జరిగినది" అన్నప్పుడు అది సాధనమును తెలుపును. మూలమనగా వేరు, అపుడు అది కారణమును తెలుపును. కలకత్తాలో ఇద్దరు మిత్రులను విడదీసిన రెండు అర్థములును మన పల్లెలలో నిత్యము వాడు ఒక్క మాటలో నిమిడియున్నవి.

బొలారపు గుడిలో మొదట ఆ విశ్వాసప్రమాణమును వల్లించినవారు ఇంగ్లీషు దొరలు, సిపాయిలు. గుడి గోడ కావల తెలుగు పల్లె లుండెను. 1895లో సికిందరాబాదునకు వచ్చిన చార్లెసు వాకరు పాస్నెటు తిరుమలగిరిలో ఇంగ్లీషు సైనికుల నడుమ పనిచేసి, దానితో తృప్తి చెందక, మరుసటి సంవత్సరము మెదకునకు పోయెను. అచ్చట ఆయన పూనికతో లేచిన పెద్ద దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికను, మెథడిస్టు మొదలగు సంఘములు కలసి దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా, దొరల గుడియు పల్లెల గుళ్లును ఒక్క మెదకు అధ్యక్షమండలము క్రిందికి వచ్చినవి.

ఇదంతయు ఆ రైతు పెద్దకు గుడి మెట్లమీద కూర్చుండి చెప్పితిని. ఇంత క్రమముగా గాదు. చివరకు, "మువ్వురిలో ఎవరు సృష్టించిరని గదా మీ ప్రశ్న. వారి మతము ప్రకారము తండ్రినుండి, కుమారుని మూలముగా, ఆత్మయందు, ఒక్క దేవుడే సృష్టించెను" అంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "నాకు ముగ్గురు ఒక్కరగుట ఇంకను తెలియలేదు గాని, ఒక మాట తెలిసినది. ఈ నేలను తక్కువవాడెవ్వడును చేయలేదని చెప్పుటకే గదా వీరింత కష్టపడినది? ఆ మాట నాకును సమ్మతమే" అనిరి.

త్రిత్వము నంగీకరింపని శ్రోతలు పలువు రుందురు. వారిని ఒప్పించుట నా పని కాదు. పొరుగువాని గుడి పేరు వెనుక నున్న చరిత్ర తెలిసినచో, అతనిని ముగ్గురు దేవుళ్లను కొలుచువాడని తేలికగా అనము. ఇంతవరకు మీరు దెలిసికొన్న చాలును.