పళ్ళ సందుల చరిత్ర

మా నాయనకు యాభై ఐదు దాటగానే ముందుపళ్ళు ఊడిపోయాయి. అంతవరకు ఆయన నోట్లో ఒక్క పంటికీ పురుగు పట్టి ఎరగం. తెల్లవారకముందే యాపపుల్ల విరిచి నమిలేవాడు. అన్నం తిన్నాక పెరట్లో నిలబడి వీధి చివరికి వినబడేట్టు పుక్కిలించేవాడు. చెరుకుగడను నిలువునా చీల్చిన పళ్ళవి. నొప్పీ తీపూ లేకుండా, ఒకదాని వెంట ఒకటి కదిలి కదిలి రాలిపోయాయి. "వయసైపాయ గదరా" అన్నాడు. మేమూ అదే అనుకున్నాం. యాభై ఐదు ఏం వయసని ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు నాకు యాభై ఐదు. పోయినేడు పళ్ళు తోముకుంటుంటే నెత్తురు కనబడింది. హోసూరులో ఒక దంతవైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆమె గీతలున్న సన్నటి సూదిలాంటి కొలబద్దను చిగురుకూ పంటికీ మధ్య దించి లోతు కొలిచింది. మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటే బాగున్నట్టు. నాకు కొన్నిచోట్ల ఆరుంది. "పళ్ళు బాగానే తోముతారు సార్, సందులే ఎప్పుడూ తోమలేదు" అంది. గార తీసి, ఇంట్లో వాడుకోవడానికి వాటర్ ఫ్లాసర్ కొనుక్కోమంది. నీళ్ళను సన్నటి ధారగా పళ్ళ సందుల్లోకి కొట్టే చిన్న యంత్రం అది.

బి.కాం. చదివి ముప్పై ఏళ్ళుగా బ్యాంకు లెడ్జర్లు చూసినవాణ్ణి. బాకీ ఎప్పుడూ ఎవరూ తిరగెయ్యని పేజీలోనే మొండిబాకీ అవుతుంది. అందుకని ఆమె అన్న 'సందులు' అన్న మాట నన్ను వదల్లేదు. ఈ సందుల సంగతి మనుషులకు ఎప్పుడు తట్టింది, ఏం చేశారు అని వెదుకుతూ పోయాను.

మన పెద్దలు నోటి శుభ్రతను చిన్నచూపు చూశారనడానికి వీల్లేదు. పళ్ళు తోమే పుల్ల పన్నెండు వేళ్ళ వెడల్పు పొడవు, చిటికెనవేలి లావు ఉండాలని సుశ్రుత సంహిత కొలతలతో సహా చెప్పింది. చేదుకు వేప, వగరుకు చండ్ర, తీపికి ఇప్ప, కారానికి కానుగ శ్రేష్ఠమంది. క్రీ.శ. 671లో చైనా నుంచి బయలుదేరి వచ్చి, నలందలో పదేళ్ళ దాకా ఉండి చదువుకున్న బౌద్ధభిక్షువు ఇత్సింగ్ ఇక్కడి ఆచారాల మీద ఒక గ్రంథం రాశాడు. అందులో పంటిపుల్లకు ఒక అధ్యాయమూ, భోజనం తరువాతి శుద్ధికి ఇంకొక అధ్యాయమూ ఉన్నాయి. పంటిపుల్లను తన దేశస్థులు విల్లో కొమ్మ అనడం పొరపాటనీ, భారతదేశంలో ఆ చెట్టే అరుదనీ కూడా సవరించాడు. మంచి ఆడిటరు కావలసిన మనిషి.

తమిళంలో ఒక సామెత ఉంది. తమిళనాడులోని మన పాఠకులందరికీ తెలిసిందే. మర్రిపుల్ల, తుమ్మపుల్ల పంటికి బలమిస్తే, నాలడియారూ కురళూ మాటకు బలమిస్తాయని దాని భావం. పంటినీ మాటనూ ఒకే తాటికి కట్టిన ఆ సామెత విన్నప్పుడల్లా నాకు మా నాయనే గుర్తొస్తాడు. ఆయన ప్రాథమిక పాఠశాలలో తెలుగు అయ్యవారు. ఎండాకాలం మా ఊరి ధర్మరాయస్వామి గుడి దగ్గర భారతం పద్యాలు చదివి అర్థం చెప్పేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు బడులు తగ్గిపోతున్న రోజులవి. చదువు రానివాళ్ళకు నాలుగు తెలుగు పద్యాలు చెవిన పడేది ఆ గుడి దగ్గరే.

పళ్ళు పోయాక ఆయన నోట 'చలి', 'చుక్క', 'జొన్న' సరిగా పలకలేదు. ఆ చ, జ లు దంత్యాలు. నాలుక కొన ముందుపళ్ళ వెనక ఆని పలికేవి. మా చుట్టూ ఉన్న తమిళంలోనూ కన్నడంలోనూ ఆ ధ్వని లేదు. (మరాఠీలో ఉంది, షోలాపూరు వైపు మనవాళ్ళకు దాని రుచి తెలుసు.) పద్యం ఎత్తుకుంటే గాలి బయటికి పోయేది, పిల్లలు నవ్వేవాళ్ళు. కట్టుడు పళ్ళు కట్టించాం గాని నోట నిలవలేదు. ఆ మరుసటేడు నుంచి ఆయన గుడి దగ్గరికి చదవడానికి పోలేదు. ఆయన చోటికి ఇంకొకరు రాలేదు.

యాపపుల్ల తరువాత మా ఇంటికి పొడులు వచ్చాయి. ఇటు నుంచి నంజనగూడు పళ్ళపొడి, అటు నుంచి గోపాల్ పల్పొడి. నంజనగూడు పొడి చేసే సద్వైద్యశాలను బి.వి. పండితులు 1913లో స్థాపించారు. మనం పొడి అంటే కన్నడిగులు పుడి అంటారు, తమిళులు మనలాగే పొడి అంటారు. మూడు భాషల పొడీ మా గూట్లో ఉండేది. పొడి తరువాత పేస్టు. వీటన్నిటికీ ఒకటే లోపం. పంటి ముఖాన్ని తోముతాయి గాని, పంటికీ పంటికీ నడిమి ఇరుకులోకి పోవు. ఆ ఇరుకులో పాచి పేరుకుంటుంది. అది గట్టిపడి గార అవుతుంది. చిగురు వాచి పంటిని వదిలి కిందికి జారుతుంది. చివరికి పంటిని పట్టుకున్న ఎముక అరిగిపోతుంది. పురుగు పట్టని పన్ను ఊడిపోయేది ఇందువల్లనే. సందులకని మా ఇళ్ళల్లో ఉన్నది చీపురు ఈనెపుల్ల, లేదంటే పిన్నీసు. ఇరుక్కున్న పీచు వచ్చేది, దాంతోబాటు చిగురూ చీరుకునేది.

సందులకు ప్రత్యేకంగా ఒక సాధనం కావాలని గట్టిగా చెప్పినవాడు అమెరికాలో న్యూ ఆర్లియన్స్ దంతవైద్యుడు లెవీ స్పియర్ పార్మ్‌లీ. మైనం పూసిన పట్టుదారాన్ని పళ్ళ మధ్య లాగమని 1819లో అచ్చైన తన పుస్తకంలో రాశాడు. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళు 1898లో పట్టుదారానికి పేటెంటు తీసుకున్నారు. 1940లలో చార్లెస్ బాస్ అనే వైద్యుడు పట్టుకు బదులు నైలాను ప్రవేశపెట్టాడు. ఆయనదీ న్యూ ఆర్లియన్సే. దారం మంచిదే. కానీ మోటు వేళ్ళకూ, కీళ్ళు పట్టేసిన ముసలివాళ్ళకూ, పళ్ళకు తీగ కట్టించుకున్న పిల్లలకూ దాన్ని లాగడం కష్టం. నేను వారం రోజులు ప్రయత్నించి ఓడిపోయాను.

దారం స్థానంలో నీళ్ళను పెట్టిన కథ కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ ఊళ్ళో నడిచింది. జెరాల్డ్ మోయర్ దంతవైద్యుడు. జాన్ మాటింగ్లీ నీటి ప్రవాహాల శాస్త్రం తెలిసిన ఇంజనీరు. ఇద్దరూ కలిసి చేసిన యంత్రానికి 1962లో ఆక్వా టెక్ అనే కంపెనీ పెట్టారు. 1967లో దాన్ని టెలిడైన్ సంస్థ కొన్నది. వాటర్‌పిక్ అన్న పేరు అలా లోకానికెక్కింది. అందులోని కిటుకు ధార ఎడతెగకుండా పోకపోవడం. నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలుగా తెగి తెగి పడుతుంది. ఒక్కొక్క దెబ్బకు చిగురు కాస్త అణిగి, దెబ్బకూ దెబ్బకూ మధ్య మళ్ళీ లేస్తుంది. ఆ సందులో నీళ్ళు లోపలికి పోయి చెత్తను బయటికి తెస్తాయి. మా నాయన జీవితమంతా పుక్కిలించిన నీళ్ళే ఇవీ. ఆయన బుగ్గల బలం ఆ ఇరుకుకు చాలలేదు.

అయినా యంత్రం పేరు వినగానే మోజు పడనక్కర్లేదు. దీనిమీది పరిశోధనల్లో చాలావాటికి డబ్బు పెట్టింది తయారీదార్లే. దారం వాడకానికే గట్టి రుజువులు లేవని 2016లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ రాస్తే అమెరికాలో పెద్ద గొడవయింది. 2019లో కొక్రేన్ సంస్థ పరీక్షలన్నిటినీ కలిపి చూసింది. బ్రష్షుతోబాటు సందులు కూడా శుభ్రం చేసుకుంటే చిగుళ్ళ వాపు కొంత తగ్గవచ్చు గాని సాక్ష్యం బలహీనమనీ, పరీక్షలు కొద్దికాలానివనీ తేల్చింది. అమెరికా దంతవైద్యుల సంఘం మాత్రం 2017లో వాటర్‌పిక్‌కు తన ఆమోదముద్ర వేసింది. గట్టిపడ్డ గారను ఈ ధార తీయలేదు, అది డాక్టరు పని. బ్రష్షు మానడానికీ వీల్లేదు.

రెండువేల చిల్లర పెట్టి నేను కొన్నది చేతిలో పట్టేది. తొట్టిలో ముప్పాతిక గ్లాసు నీళ్ళు పడతాయి. మొదటిరోజు తెలియక నోరు తెరిచి మీట నొక్కాను. అద్దమూ, గోడా, చొక్కా తడిశాయి. "ఏమండీ, పండ్లకి కూడా మోటరు పెట్టిస్తిరా?" అంది మా ఆవిడ. తొట్టి మీదికి వంగి, పెదవులు కొద్దిగా మూసి, మొన నోట్లో పెట్టాకే మీట నొక్కాలి. ధార చిగురు అంచుకు నిటారుగా తగలాలి. మొదట తక్కువ ఒత్తిడి. నీళ్ళు గోరువెచ్చనైతే పళ్ళు జివ్వుమనవు. నాకు మొదటి పదిరోజులూ నెత్తురు వచ్చింది, తరువాత నిలిచిపోయింది.

మాది నీళ్ళే పళ్ళకు శత్రువైన సీమ. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ, పళ్ళు గోధుమరంగు చారలు తేలతాయి. హొగేనకల్ పథకం 2013లో మొదలై కావేరి నీళ్ళు వచ్చేదాకా గతి బోరునీళ్ళే. మా వీధికి ఇప్పటికీ చాలా రోజులు బోరునీళ్ళే వస్తాయి. ఆ నీళ్ళకు నెలకే యంత్రం మొనలో తెల్ల సుద్ద కట్టింది. నిమ్మరసంలో నానబెట్టి తీశాను. ఇప్పుడు అందులో తాగేనీళ్ళే పోస్తున్నాను.

ఆరు నెలలకు డాక్టరమ్మ మళ్ళీ కొలిచింది. ఆరున్న చోట్ల ఎక్కువ వాటికి నాలుగు వచ్చింది. ఆమె గార తీయడం వల్ల ఎంత, ధార వల్ల ఎంత అని అడిగితే విడదీసి చెప్పలేనంది. వెనక దవడపన్ను ఒకటి అప్పటికే చేయిదాటిందని పీకేసింది. ముందుపళ్ళు గట్టిగానే ఉన్నాయి.

మా నాయన భారతం నా దగ్గరే ఉంది, అట్ట చిరిగి, పేజీల అంచుల్లో ఆయన పెన్సిలు గుర్తులతో. వచ్చే ఎండాకాలం గుడి దగ్గర చదవమని ఊళ్ళో అడిగారు. సరేనన్నాను. రోజూ రాత్రి యంత్రం పని అయ్యాక మేడమీదికి పోయి రెండు పద్యాలు పైకి చదువుతున్నాను.