పట్టా లేకుండా వెడలినవారు: కణేకల్ నుండి ఒక చారిత్రక పరిశీలన

కొంతకాలము క్రితము మా సంఘములోని ఒక యౌవనుడు డిగ్రీ రెండవ సంవత్సరములో చదువు మానుకొనుటకు నిశ్చయించుకొని మా యొద్దకు వచ్చాడు. తన నిర్ణయమునకు ఆధారముగా ఒక మాట అన్నాడు: "అయ్యగారూ, అజరయ్యగారికి కూడా డిగ్రీ లేదు కదా!" ఆ మాట అతడు మా ప్రసంగములోనే విన్నాడు. కనుక దానికి జవాబు వెదకవలసిన బాధ్యత మాదే అయినది. ఈ వ్యాసము అందులో నుండి పుట్టినదే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు (1874-1945) పట్టా లేనివారన్నది నిజమే. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఎ. చివరి వరకు చదివారు. గణిత పరీక్ష సమయమునకు జబ్బుపడి వ్రాయలేకపోయారు. తరువాత మరల వ్రాయలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిలో ప్రవేశించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడి, ఆంగ్లికన్ సంఘములో బిషప్పయిన మొదటి భారతీయుడయ్యారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

మా జిల్లాలో దీనికి దగ్గరి ఉదాహరణ నీలం సంజీవరెడ్డిగారు. ఆయన 1913లో ఇల్లూరులో జన్మించారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజము వారి పాఠశాలలో చదివి, అనంతపురములో 1916లో దత్తమండల కళాశాలగా ఆరంభమైన ప్రభుత్వ కళాశాలలో చేరారు. 1929లో గాంధీగారి రాక ఆయనను కదిలించినది. 1931లో ఆయన కళాశాల విడిచి జాతీయోద్యమములో చేరారు. ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1958లో, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఆయనను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. 1977లో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

ఈ ఇద్దరి కథలు ఒకే అచ్చులో పోసినట్లున్నవి: చదువు విడుచుట, సేవ, చివరకు విశ్వవిద్యాలయమే ఎదురువచ్చి పట్టా ఇచ్చుట. అందుచేతనే ప్రసంగీకులకు ఇవి ప్రీతికరము. మేమును ఆ తప్పు చేసినవారమే. అయితే వారు దేనిని విడిచారో చెప్పి, విడిచి ఎక్కడికి వెళ్లారో చెప్పకపోవుట చరిత్ర కాదు. అజరయ్యగారు వెళ్లినది దేశవ్యాప్తమైన ఒక సంస్థలోని ఉద్యోగమునకు. సంజీవరెడ్డిగారికి వెనుక భూవసతి గల రైతు కుటుంబమున్నది, ముందు ఒక మహోద్యమమున్నది. మరొక సంగతి. పట్టా లేని అజరయ్యగారు ఎవరినీ చదువు మానమనలేదు. డోర్నకల్ అధ్యక్ష మండలములో గ్రామ పాఠశాలల కొరకును, కాపరుల శిక్షణ కొరకును ఆయన పడిన ప్రయాస తెలుగు సంఘమంతటికి తెలిసినదే.

ఇక కణేకల్ సంగతి. సాలున సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే పడే జిల్లా మాది. హగరి ఒడ్డు ఇసుక గాలికి లేచి పొలముల మీద మేటలు వేయుచున్నది. తుంగభద్ర ఎగువ కాలువ నీరు అందిన చోట వరి, అందని చోట వేరుశనగ, అదియు తప్పిన ఏట బెంగళూరు బస్సు. ఇక్కడ విద్యార్థి చదువు విడుచుటకు పిలుపు అక్కరలేదు, ఆగస్టులో వాన తప్పితే చాలు.

దీనికి తోడు విశ్వవిద్యాలయములే మా మీదుగా మారుచు వచ్చినవి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు కేంద్రము ఎక్కడన్న వివాదము లేచి, చివరకు వాల్తేరు స్థిరపడగా, సీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయము క్రిందనే నిలిచినవి. రాయదుర్గము తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. లండన్ మిషను వారు 1810లో పని ఆరంభించిన బళ్లారియే కణేకల్ వారికి సంతయు, ఆసుపత్రియు, పెద్ద చదువును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు రాయదుర్గము అనంతపురము జిల్లాలో చేరింది, బళ్లారి మైసూరు రాష్ట్రమునకు పోయింది. దగ్గరి పట్టణము పరాయి రాష్ట్రమైనది. 1954లో తిరుపతిలో విశ్వవిద్యాలయము వచ్చింది. 1968లో అనంతపురములో దాని స్నాతకోత్తర కేంద్రము వెలసి, 1981లో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. ఊరు కదలలేదు గాని, మైగ్రేషన్ సర్టిఫికెట్టు మీది ముద్ర మారుచునే వచ్చింది.

ఇంతవరకు వెళ్లుటను గూర్చి వ్రాసితిమి. తిరిగి వచ్చు దారి మాటేమి? 1982 ఆగస్టులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడుట ఈ విషయములో అసలైన మలుపు అని మా అభిప్రాయము. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటరు సర్టిఫికెట్టు లేనివారు కూడ అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరవచ్చునన్నది అప్పట్లో దాని నియమముగా ఉండెను. ఈ నియమము విలువ మేము పుస్తకములో చదివి తెలిసికొన్నది కాదు. 1980ల చివర, పంట పోయిన ఏట, మేము బి.ఎ. రెండవ సంవత్సరములో మానుకొన్నాము. ఫీజు బాకీ ఉన్నదని కళాశాల వారు ఇంటరు మెమో, టి.సి. తమ బీరువాలోనే ఉంచుకొన్నారు. కాగితములు లేనివానికి మరి ఏ కళాశాలయు తలుపు తీయదు. మూడేండ్ల తరువాత ఆ అర్హత పరీక్షయే మమ్మును లోనికి తీసికొన్నది. క్లాసులు ఆదివారములలో ఉండేవి. ఆరాధన విడిచి పోవుచున్నానని మా పెద్దలు కోపగించిన సంగతి ఇప్పుడు నవ్వు తెప్పించుచున్నది. ఆ డిగ్రీ లేకపోయినచో మాకు బి.డి. లేదు.

తరువాత నియమములు కొంత మెరుగుపడినవి. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు నిలుపుకొనరాదని 2018లో యు.జి.సి. ఉత్తరువు ఇచ్చింది. ప్రవేశముల తుది తేదీకి 15 దినములు ముందే మానుకొన్నవారికి ఫీజు తిరిగి ఇయ్యవలెను. తేదీ దాటి 30 దినములైతే ఏమియు రాదు. 2020 జాతీయ విద్యావిధానము ప్రకారము ఒక ఏడు చదివి ఆగినవారికి సర్టిఫికెట్టు, రెండేండ్లకు డిప్లొమా. 2021 నుండి సంపాదించిన క్రెడిట్లను విద్యా ఖాతాలో 7 సంవత్సరముల వరకు నిలువ చేసికొనవచ్చును. నియమమున్నంత మాత్రాన బీరువా తెరచుకొనదు. మన సంఘములలో దళిత క్రైస్తవ విద్యార్థుల చిక్కు వేరుగా కూడ ఉన్నది: 1950 రాష్ట్రపతి ఉత్తరువు వారిని షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపల ఉంచగా, మన రాష్ట్రములో వారు బి.సి.-సి వర్గములో లెక్కింపబడుచున్నారు. ఉపకారవేతనము ఆలస్యమైతే ఆ బాకీ పిల్లవాని పేరుననే వ్రాయబడును.

మా యౌవనునికి అజరయ్యగారి పరీక్ష సంగతి చెప్పాము. అది అతనికి కొత్త. ఆ పిమ్మట సువార్త పిలుపు మాట ప్రక్కన పెట్టి బాకీ ఎంతని అడిగాము. అసలు కారణము అప్పుడు బయటపడినది: తండ్రి బోరు ఎండిపోయినది, ఫీజు రెండు విడతలు కట్టలేదు. మేము అతనితో కూడ కళాశాల ఆఫీసుకు వెళ్లి, సెలవు కోరుచు ఒక దరఖాస్తు, సర్టిఫికెట్ల కొరకు మరొక దరఖాస్తు ఇచ్చి, రెంటికిని రసీదు ముద్ర వేయించుకొన్నాము. మొదటి ఏటి క్రెడిట్లు ఖాతాలో చేరినవి. సర్టిఫికెట్లు ఇంకను రాలేదు. వచ్చే సోమవారము మరల రమ్మన్నారు.